శస్త్రచికిత్స అనంతరం ఇల్లు చేరిన కుక్క – ఇంట్లోని తోటి కుక్కల ప్రవర్తన

గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్స ముగిసి ఇల్లు చేరిన ఆడకుక్కను చూసి, ఏళ్ల తరబడి అదే వరండాలో కలిసి పెరిగిన మరో కుక్క గుర్రుమనడం యజమానులను కలవరపరిచే విషయం. కొన్ని ఇళ్లలో అది గుర్రుమనడంతోనే ఆగిపోతుంది. మరికొన్నింటిలో కరుచుకోవడం, కుట్లు తెగిపోవడం, విడదీయబోయిన ఇంటివారి చేతికి కాటు పడటం వరకు వెళుతుంది. ఆ తరువాత ‘ఈ రెండూ ఇక ఒకచోట ఉండవు’ అన్న నిర్ణయానికి వచ్చి ఒకదానిని ఎవరికైనా ఇచ్చివేయడమో, ఊరి చివర వదిలి రావడమో జరుగుతుంది. శస్త్రచికిత్స విజయవంతమైనప్పటికీ కుక్క తన ఇంటిని కోల్పోతుంది.

జంతు జనన నియంత్రణ నియమాలు–2023 పెంపుడు కుక్కల టీకాలు, నట్టల నివారణ, సంతాన నిరోధక శస్త్రచికిత్సల బాధ్యతను యజమానిపైనే ఉంచాయి. పెరట్లో కాపలాకు నాటు కుక్క, ఇంట్లో లాబ్రడారో స్పిట్జో ఉన్న కుటుంబాలు పట్టణాలలోనే కాక గ్రామాలలోనూ కనిపిస్తున్నాయి. అయినా శస్త్రచికిత్స తరువాత యజమానికి ఇచ్చే సూచనలు మందులు, ఆహారం, కుట్ల సంరక్షణతో ముగుస్తాయి. ఇంట్లో ఎదురుచూస్తున్న రెండో కుక్క గురించి సాధారణంగా ఒక వాక్యం కూడా ఉండదు. విస్తరణ సిబ్బంది పూరించవలసిన లోటు ఇదే.

ఆధిపత్యపు పోరు అన్న వివరణ

ఇటువంటి గొడవకు యజమానులు చెప్పే కారణాలు రెండు. ఒకటి అసూయ. రెండోది, ‘పెద్ద కుక్క బలహీనపడింది కనుక చిన్నది దాని స్థానాన్ని ఆక్రమించాలని చూస్తోంది’ అనేది. రెండో వివరణకు మూలం తోడేళ్ల పరిశోధనలో ఉంది. రుడాల్ఫ్ షెంకెల్ బాసెల్ జంతు ప్రదర్శనశాలలో బంధించి ఉంచిన తోడేళ్లను పరిశీలించి 1947లో ప్రచురించిన అధ్యయనం ఆధిపత్య పోరు భావనకు పునాది వేసింది. 1970లో వెలువడిన తన గ్రంథం ద్వారా ఆ భావనను విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చిన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్తే 1999లో దానిని సవరించాడు. అడవిలోని తోడేళ్ల గుంపు సాధారణంగా తల్లిదండ్రులు, వాటి పిల్లలతో కూడిన కుటుంబమని, నాయకత్వం కోసం నిత్యం పోరాడే అపరిచితుల సమూహం కాదని ఆయన చూపాడు.

కుక్కల మధ్య ఆధిక్య సంబంధాలే ఉండవని దీని అర్థం కాదు. ఆహారం, పడక, యజమాని సామీప్యం వంటి విషయాలలో ఏ కుక్క ఎప్పుడు తప్పుకుంటుందో వాటి మధ్య ఒక అవగాహన ఉంటుంది. అయితే ఆస్పత్రి నుండి వచ్చిన మొదటి రోజున జరిగే గొడవను సింహాసనం కోసం జరిగే యుద్ధంగా భావించినప్పుడు యజమాని చేసే పని ప్రమాదకరమైనది. ‘వాటికవే తేల్చుకుంటాయి’ అని వదిలివేస్తాడు, లేదా గుర్రుమన్న కుక్కను కొడతాడు. మూడు రోజుల నాటి పొత్తికడుపు కోతతో ఉన్న కుక్క విషయంలో ఈ రెండూ తగవు. జరిగిన మార్పును గమనిస్తే వేరొక వివరణ దొరుకుతుంది. ఇంటి కుక్కలు ఒకదానినొకటి పోల్చుకునేది, ఒకదాని ఉద్దేశాన్ని మరొకటి గ్రహించేది వాసన, నడక, చూపు, ముఖకవళికల ద్వారా. శస్త్రచికిత్స ఈ నాలుగింటినీ ఒకే రోజున మార్చివేస్తుంది.

వాసనలో మార్పు

వైద్యశాల నుండి వచ్చిన కుక్క ఒంటిపై స్పిరిట్, పొవిడోన్ అయోడిన్, రక్తం, ఇతర జంతువుల వాసనలు ఉంటాయి. భయపడిన కుక్కలు ఆసన గ్రంథుల స్రావాన్ని విడుదల చేయడం సాధారణం, ఆ వాసన వెంట్రుకలకు అంటుకుని ఇంటి వరకు వస్తుంది. కడుపు భాగంలో వెంట్రుకలు గొరిగి ఉంటాయి. ఇంట్లోని కుక్క మొదట ముక్కు పెట్టేది కూడా ఆ భాగం వైపే.

కుక్కలు పరిచిత వాసనలోని మార్పును ఎంత శ్రద్ధగా గమనిస్తాయో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2017లో ప్రచురించిన ప్రయోగం చూపింది. తమ మూత్రపు వాసనను యథాతథంగా ఉంచినప్పటి కంటే దానికి మరొక వాసన కలిపినప్పుడు కుక్కలు ఎక్కువసేపు వాసన చూశాయి. తోటి కుక్క వాసన మారినప్పుడు కూడా ఇటువంటి పరిశీలనే మొదలవుతుందని భావించవచ్చు. పిల్లులలో ఈ మార్పు తీవ్రమైన దాడికి దారితీయడం పశువైద్యులకు సుపరిచితం. వైద్యశాల నుండి వచ్చిన పిల్లిని తోటి పిల్లి పరాయిదిగా భావించి తరుముతుంది. కుక్కలలో అంత పూర్తి అపరిచయం అరుదు. కుక్క తన తోటిదాన్ని మరచిపోతుందనడం కంటే, తెలిసిన రూపం తెలియని వాసనతో ఎదురైనప్పుడు సందిగ్ధంలో పడుతుందనడం సముచితం. సందిగ్ధంలో ఉన్న కుక్క మరింత దగ్గరగా, మరింత సేపు వాసన చూస్తుంది. నొప్పితో ఉన్న కుక్క భరించలేనిది కూడా అదే.

ఆడకుక్కలలో హార్మోన్ల ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎదకాలంలో శస్త్రచికిత్స జరిగిన ఆడకుక్క అండాశయాలు తొలగించిన తరువాత కూడా కొన్ని రోజులపాటు మగకుక్కలను ఆకర్షిస్తుంది. ఆ స్థితిలో మగకుక్క మీదికెక్కే ప్రయత్నం చేస్తే లోపలి కుట్లకే ప్రమాదం. ఎద ముగిసిన కొన్ని వారాలకు శస్త్రచికిత్స చేస్తే ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా తగ్గి ప్రొలాక్టిన్ పెరగడం వల్ల మిథ్యా గర్భ లక్షణాలు తలెత్తవచ్చు. పొదుగు ఉబ్బడం, బొమ్మనో గుడ్డనో పిల్లగా భావించి కాపలా కాయడం, దగ్గరికి వచ్చిన తోటి కుక్కపై చిరాకు పడటం ఈ దశలో కనిపిస్తాయి. యజమాని దీనిని స్వభావం మారిపోవడంగా పొరబడతాడు. ఎదకాలం ఎప్పుడు ముగిసిందన్న ఒక్క ప్రశ్న అడిగితే ఈ పొరపాటు తొలగిపోతుంది.

చూపు, నడక, మెడ చుట్టూ కోన్

మత్తుమందు ప్రభావం కుక్క లేచి నిలబడటంతోనే ముగియదు. కెటమిన్ వాడిన కుక్కలలో కోలుకునే సమయంలో కండరాల బిగువు, తూలడం, అకారణంగా అరవడం కనిపిస్తాయి. అట్రోపిన్ కంటిపాపలను విస్తరింపజేస్తుంది. ఫలితంగా కుక్క రెప్ప వేయకుండా, పెద్ద కంటిపాపలతో, బిగుసుకున్న దేహంతో ఎదుటి కుక్కను తదేకంగా చూస్తున్నట్లు కనిపిస్తుంది. కుక్కల భాషలో స్థిరమైన చూపు, బిగుసుకున్న నిలుపు బెదిరింపుకు గుర్తులు. మత్తు దిగని కుక్కకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు, కానీ ఎదుటి కుక్క చదివేది అక్కడ కనిపిస్తున్న సంకేతాన్నే.

కోన్ అని వాడుకలో ఉన్న ఎలిజబెతన్ కాలర్ ఈ చిక్కును రెట్టింపు చేస్తుంది. దానిని తొడిగిన కుక్క పక్కలకు చూడలేదు. చెవులు, ముఖం పక్కనుండి కనిపించవు. తలను పక్కకు తిప్పుకోవడం, పెదవులు నాక్కోవడం వంటి శాంతి సూచనలు ఎదుటి కుక్కకు చేరవు. వెనుక నుండి వచ్చిన తోటి కుక్క అకస్మాత్తుగా పక్కన ప్రత్యక్షమైనట్లుంటుంది. గట్టి ప్లాస్టిక్ అంచు తోటి కుక్క కాళ్లకు, డొక్కకు తగిలితే అది దాన్ని దాడిగా భావిస్తుంది. సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 434 మంది కుక్కలు, పిల్లుల యజమానులను ప్రశ్నించి 2020లో ప్రచురించిన సర్వేలో, కోన్ ధరించిన కాలంలో తమ జంతువు జీవన నాణ్యత తగ్గిందని 77.4 శాతం మంది తెలిపారు. అందుకని కోన్ తీసివేయాలని కాదు. కుట్లను కుక్క స్వయంగా కొరుక్కోకుండా ఆపేది అదే. శస్త్రచికిత్సకు వారం ముందే రోజూ కొద్ది నిమిషాలు కోన్ తొడిగి, దానిలోనే తిండి పెట్టి, ఇంట్లోని రెండో కుక్క కూడా చూసేలా అలవాటు చేయడం మేలు. పొత్తికడుపు గాయానికైతే ఒంటిని కప్పే నూలు తొడుగు అనేక కుక్కలకు సరిపోతుంది, ముఖాన్ని దాచదు కూడా.

నొప్పి

అన్నిటికంటే తక్కువగా అంచనా వేయబడే కారణం నొప్పి. స్పెయిన్ పరిశోధకులు 2012లో నొప్పి కారణంగా దూకుడు చూపిన 12 కుక్కలను పరిశీలించారు. నొప్పి మొదలు కావడానికి ముందు ఏనాడూ దూకుడు చూపనివి ముందస్తు హెచ్చరిక లేకుండా, ఉన్నట్టుండి ప్రతిస్పందించే లక్షణం కలిగి ఉన్నాయి. ఆ కుక్కలలో అధిక భాగానికి ఉన్నది తుంటి కీలు వ్యాధే తప్ప శస్త్రచికిత్స గాయం కాదు. అయినా ఆ ఫలితం ఇక్కడ గమనార్హం. ‘ఇది చాలా సాధువు, ఎవరినీ ఏమీ అనదు’ అన్న యజమాని హామీ మొదటి వారంలో చెల్లదు.

నొప్పిని అంచనా వేయడానికి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో రూపొందించిన సంక్షిప్త కొలమానం విద్యార్థులకు ఎంతో ఉపయోగకరం. అరుపు, గాయంపై ధ్యాస, కదలిక, తాకినప్పటి స్పందన, మానసిక స్థితి, భంగిమ అనే ఆరు అంశాలకు మార్కులు ఇస్తారు. మొత్తం 24కు 6 లేదా అంతకు మించి వస్తే నొప్పి నివారణ మందుల అవసరాన్ని పునఃపరిశీలించాలి. నడిపించి చూడటం వీలుకాని కుక్కలో 20కి 5 వద్దనే ఆ నిర్ణయం తీసుకోవాలి. తోటి కుక్కపై గుర్రుమంటోందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట చేయవలసినది ఈ పరీక్షే. నొప్పి తగ్గిన కుక్కకు ప్రవర్తనా శిక్షణ అవసరం లేకపోవచ్చు.

ఇంట్లో ఉన్న మనుషుల నొప్పి మాత్రలు వేయడం మాత్రం పూర్తిగా నిషిద్ధం. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల జీర్ణాశయంలో పుండ్లు కలిగించి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్‌ను పశువైద్యంలో వాడరాదని భారత ప్రభుత్వం 2006లో నిషేధించింది రాబందుల రక్షణ కోసం. కుక్కల యజమానులకు దానిని గుర్తుచేయవలసి రావడం విచారకరమే.

ఆప్యాయత వల్ల కలిగే హాని

ఇంతవరకు చెప్పినదంతా వైరం గురించి. వాస్తవానికి అనేక ఇళ్లలో తోటి కుక్క పక్కనే పడుకుంటుంది, వెంట తిరుగుతుంది, నాకుతుంది. ఆస్ట్రియా పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగంలో, తోటి కుక్క మూలుగును స్పీకరు ద్వారా విన్న పెంపుడు కుక్కలు ఇతర శబ్దాలు విన్నప్పటి కంటే అప్రమత్తంగా మారాయి. ఆ తరువాత తమ ఇంటి కుక్క ఎదుట పడినప్పుడు దానిపట్ల ఓదార్పును పోలిన ప్రవర్తన చూపాయి. దీన్ని మనుషుల సానుభూతితో సమానం చేయనవసరం లేదు, కానీ తోటిదాని బాధకు స్పందన ఉందన్నది స్పష్టం.

చిక్కు ఏమిటంటే ఈ ఆప్యాయత గాయానికి వైరమంత హాని చేయగలదు. కుక్క నాకితే పుండు మానుతుందన్న నమ్మకం పల్లెల్లో నేటికీ వినిపిస్తుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. కుక్క లాలాజలానికి కొన్ని బ్యాక్టీరియాలను చంపే గుణం ఉందని హార్ట్, పావెల్ 1990లో చూపారు. అయితే అదే నోటిలో పాశ్చురెల్లా వంటి సూక్ష్మజీవులు ఉంటాయి. గరుకైన నాలుక కుట్లను లాగివేస్తుంది, ముందు పళ్లు దారాన్ని కొరుకుతాయి. రోగి కుక్కకు కోన్ తొడిగి, నాకడానికి తోటి కుక్కను పక్కన వదిలితే ఆ కోన్ వల్ల ప్రయోజనం సున్నా. రెండు రోజుల ఎడబాటు తరువాత సంతోషంతో ఎగిరి మీద పడటం, ఆటకు పిలవడం కూడా ఇటువంటివే. చర్మంపై కుట్లు సాధారణంగా 10 నుండి 14 రోజులకు తీస్తారు గాని, మూడు వారాలు గడిచినా కోసిన చర్మం తన తుది బలంలో సుమారు ఐదో వంతు మాత్రమే పొందుతుంది. పైకి మానినట్లు కనిపించడం ఆటకు అనుమతి కాదు.

తోటి కుక్క పదే పదే ఒకే చోట వాసన చూస్తుంటే యజమాని కూడా ఆ చోటును పరిశీలించాలి. వాపు, వేడి, స్రావం మొదలవుతున్న గాయం కావచ్చు.

ఏ జంటల విషయంలో ఎక్కువ జాగ్రత్త

అన్ని జంటలకూ ఒకే స్థాయి ప్రమాదం ఉండదు. ఒకే ఇంటి కుక్కల మధ్య పోట్లాటలపై అమెరికాలో 38 జంటలను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 79 శాతం జంటలు ఒకే లింగానికి చెందినవి, 68 శాతం జంటలలో కనీసం ఒక ఆడకుక్క ఉంది. పోట్లాటకు దారితీసిన సందర్భాలలో యజమాని దృష్టి, ఆహారం ప్రధానమైనవి. ఆ జంటలు శస్త్రచికిత్స తరువాతవి కావు. అయినా రెండు ఆడకుక్కలున్న ఇంటికి, ఇదివరకే చిన్నచిన్న తగవులున్న ఇంటికి ముందుగానే హెచ్చరిక ఇవ్వడం న్యాయం. శస్త్రచికిత్స అనంతర రోజుల్లో యజమాని దృష్టి అంతా రోగి కుక్కపైనే ఉంటుంది, దానికి మెత్తని ప్రత్యేక ఆహారం పెడతారు. తగవుకు తెలిసిన రెండు కారణాలూ అలా ఒకేచోట చేరతాయి.

మొదటి రెండు వారాల నిర్వహణ

ఇంటికి తీసుకువచ్చే సమయంలో రెండో కుక్క వాకిట్లో ఉండకూడదు. దానిని ముందే వేరే గదిలో ఉంచి లేదా కుటుంబ సభ్యులలో ఒకరు బయట తిప్పుతుండగా రోగి కుక్కను లోనికి చేర్చాలి. గాయాన్ని తాకకుండా తల, వీపు, కాళ్లను తడిగుడ్డతో తుడిస్తే వైద్యశాల వాసన కొంత తగ్గుతుంది. స్నానం చేయించరాదు. మొదటి 24 గంటలు రెండింటి మధ్య మూసిన తలుపు ఉండటమే మంచిది. ఈ వ్యవధిలో పడక గుడ్డలను మార్చి, ఒకదాని గుడ్డను మరోదాని దగ్గర తిండిగిన్నె పక్కన ఉంచాలి. ఇది చాలా చిన్న పని, కానీ ఎవరూ గాయపడే అవకాశం లేకుండా పరిచయాన్ని పునరుద్ధరించే పద్ధతి ఇదొక్కటే.

మత్తు పూర్తిగా దిగి, నొప్పి అదుపులో ఉన్నప్పుడు రెండో, మూడో రోజున గ్రిల్ లేదా జాలీ తలుపు కిరువైపులా కొన్ని నిమిషాలు చూపించవచ్చు. రెండూ కళ్లు తిప్పుకుని, నేలను వాసన చూసి, తోకలు వదులుగా ఉంచితే మరునాడు వ్యవధి పెంచాలి. ఏదైనా ఒకటి కదలకుండా బిగుసుకున్నా, కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కచూపు చూసినా, మెడపై వెంట్రుకలు లేచినా దూరం పెంచి మళ్లీ ప్రారంభించాలి. అడ్డు లేకుండా కలపడం ఇద్దరు మనుషులు, రెండు పట్టెడ తాళ్లతో, ఆరుబయట, ఎదురెదురుగా కాక పక్కపక్కగా నడిపిస్తూ జరగాలి. ఆ కొద్ది నిమిషాలు యజమాని కళ్లముందే కనుక కోన్ తీసివేయవచ్చు. యజమాని ఒడిలోనో మంచంపైనో రోగి కుక్క ఉండగా రెండోదాన్ని రానివ్వడం అన్నిటికన్నా చెడ్డ ప్రారంభం. గుర్రుమన్నందుకు శిక్షించరాదు. గుర్రుమనడం కాటుకు ముందు కుక్క ఇచ్చే గడువు. దానిని అణచివేస్తే గడువు పోతుంది, కాటు మిగులుతుంది.

తోటల వద్ద, గొర్రెల మందల వెంట ఉండే కుక్కలకు గదులుండవు. అక్కడ సాధారణంగా చేసే పని రోగి కుక్కను గొలుసుతో కట్టి మిగిలిన వాటిని వదలడం. కట్టిన కుక్క తప్పుకుపోలేదు కనుక దానికి మిగిలే మార్గం ఎదిరించడం ఒక్కటే. పశువుల పాకలో ఒక మూలను పాత తలుపుతో, ఇనుప జాలీతో మూసి రోగి కుక్కను అందులో వదులుగా ఉంచడం, అవసరమైతే ఆరోగ్యంగా ఉన్నవాటినే దూరంగా కట్టడం సరైనది. కాపలా పనికి, మంద వెంట నడవడానికి కుట్లు తీసేవరకు పంపరాదు.

పోట్లాట జరిగితే మెడపట్టీని పట్టుకోవడానికి చేయి చాపకూడదు. దుప్పటి విసరడం, బకెట్టు నీళ్లు పోయడం, కుర్చీనో చెక్కపలకనో మధ్యకు నెట్టడం సురక్షితం. గాయం తడవడం పోట్లాట కొనసాగడం కంటే చిన్న నష్టం. మనిషికి కాటు పడితే, కరిచింది టీకాలు వేసిన ఇంటి కుక్కే అయినా, గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీటిలో 15 నిమిషాలు కడిగి అదే రోజున వైద్యుని సంప్రదించాలి.

పరిశీలనలు నమోదు చేసే విధానం

యజమాని చెప్పే ‘ఎప్పుడూ కొట్లాడుతున్నాయి’ అన్న మాటతో కారణాన్ని తేల్చలేము. జీన్ ఆల్ట్‌మన్ 1974లో వివరించిన ఏకజంతు పరిశీలన పద్ధతి విద్యార్థులకు ఇక్కడ అక్కరకు వస్తుంది. ఉదయం, సాయంత్రం పది నిమిషాల చొప్పున ఒక్క కుక్కనే చూస్తూ, దగ్గరికి వెళ్లినది ఏది, తప్పుకున్నది ఏది, ముక్కు పెట్టిన శరీర భాగం, మధ్య దూరం, ఆ సమయంలో మనిషి, తిండి, తలుపు ఎక్కడ ఉన్నాయి, కోన్ ఉందా లేదా అన్నవి రాసుకోవాలి. మరుసటి విడతలో రెండో కుక్కను చూడాలి. నాలుగు రోజుల నమోదులోనే గొడవకు నాంది పలికేది ఎక్కువసార్లు యజమాని భావించిన కుక్క కాదని తేలవచ్చు. దగ్గరికి వెళ్లేది ఆరోగ్యంగా ఉన్నదైనా మొదట పళ్లు చూపేది రోగి కుక్కే అయితే ఆలోచన నొప్పి మందు వైపు మళ్లాలి. కోన్ ఉన్నప్పుడే గొడవ జరుగుతుంటే తొడుగుకు మారాలి. తిండి వేళల్లోనే అయితే గిన్నెలను వేర్వేరు గదుల్లో పెట్టాలి.

కుట్లు తీయడానికి వచ్చిన రోజున ఈ నమోదు పుస్తకాన్ని కూడా పశువైద్యుని ముందుంచాలి. అప్పటికీ ఒకదానినొకటి చూడగానే బిగుసుకుంటున్న జంటలో సమస్య గాయంతో పాటు మానలేదని అర్థం. జరిగిన పోట్లాట రెండింటికీ భయాన్ని నేర్పింది. ఆ జంటను మళ్లీ గ్రిల్ దశ నుండి, ఈసారి రోజుల లెక్కన కాక వారాల లెక్కన, ప్రవర్తనా చికిత్స తెలిసిన పశువైద్యుని పర్యవేక్షణలో కలపవలసి ఉంటుంది.